ఏటి మేటి ఆటగాడెవరు? క్రీడా పురస్కారాల ఎంపిక, వాదాలు

ఒక ఏడాదిలో అందరికన్నా బాగా ఆడిందెవరో తేల్చి సన్మానించడం ఆటల లోకంలో పాత ఆచారం. ఆ పేరు బయటికొచ్చిన క్షణం నుంచి 'అతనికెందుకిచ్చారు, ఇతనికెందుకివ్వలేదు' అన్న వాదం మొదలవడమూ అంతే పాతది. అమెరికాలో ఈ వాదం ఏటా కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ చివర్లో వేడెక్కుతుంది. మన దేశంలో ఖేల్ రత్న, అర్జున పురస్కారాల జాబితా వచ్చినప్పుడల్లా రేగుతుంది, కొన్నిసార్లు హైకోర్టు దాకా వెళ్తుంది. శ్రీకాకుళం జిల్లాకు ఈ చరిత్రలో చిన్నది కాని చోటు ఉంది. ఖేల్ రత్న అందుకున్న తొలి మహిళ కరణం మల్లీశ్వరి ఈ జిల్లా ఆమదాలవలస మండలం ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్నది.

ఈ తగవుల్లో చాలా భాగం నిజానికి ఆటగాళ్ళ మీద కాదు, కొలత మీద. ఏది కొలుస్తామో ముందే అందరికీ తెలిసిన చోట తగవు త్వరగా చల్లారుతుంది. కొలత తెలియని చోట, తెలిసినా చివర్లో పక్కన పెట్టిన చోట ముదురుతుంది. నందిగాం, టెక్కలి, పలాస, ఉద్దానం ఊళ్ళ టోర్నమెంట్లలోనూ ఇదే కనిపిస్తుంది, ఢిల్లీ కమిటీల్లోనూ ఇదే.

ఊరి టోర్నమెంట్లలో 'బెస్ట్ ప్లేయర్'

సంక్రాంతికీ, గ్రామదేవత సంబరాలకూ ఈ ప్రాంతంలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ పోటీలు పెడతారు. గెలిచిన జట్టుకూ రన్నరప్‌కూ నగదు, షీల్డు ఇస్తారు. వాటి తర్వాత మైకులో చదివే చివరి పేరు 'బెస్ట్ ప్లేయర్'ది. జట్టు గెలుపు మీద ఎవరికీ అనుమానం ఉండదు, స్కోరు పలక మీదే ఉంటుంది. అనుమానమంతా ఈ చివరి పేరు మీదే.

కబడ్డీనే చూద్దాం. కూతకు వెళ్ళిన రైడర్ ఒక్క రైడులో ఇద్దరు ముగ్గురిని తాకి రాగలడు, బోనస్ గీత దాటితే ఇంకో పాయింటు వస్తుంది. అతన్ని పట్టుకున్న క్యాచర్‌కు మామూలుగా దక్కేది ఒక్క పాయింటు. బరిలో ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పడితే ఇంకొకటి కలుస్తుంది. అంటే స్కోరు షీటులో అంకెలు కూడితే రైడర్‌దే ఎప్పుడూ పైచేయి. చీలమండ అందుకుని మంచి రైడర్‌ను ఆఖరి నిమిషాల్లో ఆపేసిన కుర్రాడు మ్యాచ్‌ను నిలబెట్టినా షీటులో వెనకే ఉంటాడు. అతను ఎడమ మూలలో నిలబడితే ఎదుటి రైడర్ ఆ వైపు అడుగే వేయడు. వేయని అడుగును ఏ స్కోరరూ రాయడు. అందుకే అనుభవమున్న నిర్వాహకులు బెస్ట్ రైడర్, బెస్ట్ క్యాచర్, ఆల్‌రౌండర్ అని బహుమతుల్ని మూడుగా విడదీస్తారు. ఇది సర్దుబాటుగా కనిపించవచ్చు గాని, నా దృష్టిలో సరైన తీర్పు అదే. ఒకే కొలతకు లొంగని రెండు పనులను ఒకే త్రాసులో పెట్టడం వాళ్ళు మానుకున్నారు.

ఉత్తరాంధ్ర పండగల్లో సంగిడీలెత్తే పోటీలూ ఉన్నాయి. అక్కడ వాదానికి తావు తక్కువ. బరువు కళ్ళెదుట ఉంటుంది, లేచిందో లేదో చూసే జనమంతా సాక్షులు. బలాన్ని అలా బహిరంగంగా తేల్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు ఈ జిల్లాలో భాగమై, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో చేరిన వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ప్రభుత్వ పురస్కారాల కాలానికి ముందే బలప్రదర్శనలతో 'కలియుగ భీముడు' అనిపించుకున్నారు. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

బరువుల ఆటలో కొలత

వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రతిదీ కిలోల్లో తేలుతుంది. స్నాచ్‌లో మూడు ప్రయత్నాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు, రెండింటిలోనూ ఎత్తిన అత్యధిక బరువుల మొత్తం. ఇంత స్పష్టమైన ఆటలోనూ పోటీ ముగిశాక 'వీళ్ళందరిలో ఉత్తమ లిఫ్టర్ ఎవరు' అని అడిగితే చిక్కు వస్తుంది. యాభై కిలోల అమ్మాయి, డెబ్బై కిలోల అమ్మాయి వేర్వేరు విభాగాల్లో గెలిచారు. పెద్ద బరువు ఎత్తింది రెండో అమ్మాయి. తన శరీరానికి మించి ఎత్తింది మొదటి అమ్మాయి కావచ్చు.

ఈ చిక్కు విప్పడానికి కెనడా గణితజ్ఞుడు రాయ్ సింక్లెయిర్ ఒక సూత్రం రాశాడు. ప్రపంచ స్థాయి లిఫ్టర్ల రికార్డులను తీసుకుని, శరీరం బరువు పెరిగే కొద్దీ ఎత్తగలిగే బరువు ఎలా పెరుగుతుందో లెక్కగట్టి, ప్రతి శరీర బరువుకూ ఒక గుణకం వచ్చేలా చేశాడు. లిఫ్టర్ ఎత్తిన మొత్తాన్ని ఆ గుణకంతో హెచ్చిస్తే, అదే నైపుణ్యంతో ఆమె అత్యంత భారీ విభాగంలో ఉండి ఉంటే ఎంత ఎత్తేదో అంచనా వస్తుంది. బరువు పెరిగే కొద్దీ గుణకం తగ్గుతూ వచ్చి, అందరికన్నా బరువైన లిఫ్టర్ల దగ్గర ఒకటికి చేరుతుంది. రికార్డులు మారతాయి కాబట్టి ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్స్‌కు దీన్ని సవరిస్తారు. ఉత్తమ లిఫ్టర్ ఎంపికకు ఇలాంటి సూత్రం ఉన్న చోట ఓడిన వాళ్ళు లెక్క చూసుకుని ఒప్పుకుంటారు. సూత్రం పరిపూర్ణమని కాదు. అది పోటీకి ముందే గోడ మీద ఉంది, అంతే.

మల్లీశ్వరి విషయానికి వస్తే, ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న దగ్గర శిక్షణ మొదలైంది. ఆమె తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. అక్కచెల్లెళ్ళూ బరువులెత్తినవాళ్ళే. 1993 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 54 కిలోల విభాగంలో కాంస్యం, 1994లో ఇస్తాంబుల్‌లో స్వర్ణం, 1995లో గ్వాంగ్‌జౌలో మళ్ళీ స్వర్ణం సాధించింది. 1994లో అర్జున, ఆ తర్వాత ఖేల్ రత్న, 1999లో పద్మశ్రీ వచ్చాయి.

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. భారత మహిళకు అది తొలి ఒలింపిక్ పతకం. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్, రజతం గెలిచిన హంగరీ లిఫ్టర్ ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరిదీ 242.5 కిలోలే. మొత్తాలు సమానమైతే శరీర బరువు తక్కువున్నవారిదే గెలుపు అన్న నాటి నిబంధన ప్రకారం లిన్ ముందు నిలిచింది. చివరి ప్రయత్నంలో మల్లీశ్వరి 137.5 కిలోలు అడిగి ఎత్తలేకపోయింది. 132.5 అడిగి ఉంటే ఆ ఇద్దరితో సమానమయ్యేది, 135 అయితే ఇద్దరినీ దాటేది. అంత పెద్ద అంగ ఎందుకు వేయించారన్న చర్చ ఆ తర్వాత చాలా కాలం నడిచింది. అది వ్యూహం మీద చర్చ. ఎవరు గెలిచారన్న దాని మీద మాత్రం ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడడానికి ఏమీ లేదు కాబట్టి.

సిడ్నీకి ఎవరిని పంపాలన్న విషయంలో మాత్రం అంత స్పష్టత లేకపోయింది. మణిపూర్ లిఫ్టర్ కుంజరాణీ దేవిని పక్కన పెట్టడం విమర్శకు గురైంది. ఆమె కూడా ఖేల్ రత్న గ్రహీతే, ప్రపంచ పోటీల్లో పదేపదే రజతాలు గెలిచిన మేటి. ఇద్దరూ గొప్పవాళ్ళే అయిన చోట ఎంపిక బాధాకరం అవుతుంది. పతకం వచ్చింది గనుక ఆ వాదం వెనక్కి వెళ్ళింది గాని, పతకం రాకపోయి ఉంటే ఎంపిక తప్పయ్యేదా అన్న ప్రశ్నకు ఇప్పటికీ విలువ ఉంది.

పురస్కారాలు, వాటి నియమాలు

కేంద్ర ప్రభుత్వం 1961లో అర్జున పురస్కారాన్ని, 1985లో శిక్షకుల కోసం ద్రోణాచార్యను మొదలుపెట్టింది. 1991–92లో రాజీవ్ గాంధీ ఖేల్ రత్న వచ్చింది. తొలి గ్రహీత చదరంగం ఆటగాడు విశ్వనాథన్ ఆనంద్. 2021 ఆగస్టులో దాని పేరును మేజర్ ధ్యాన్‌చంద్ ఖేల్ రత్నగా మార్చారు. ధ్యాన్‌చంద్ జన్మదినమైన ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం, చాలా ఏళ్ళు పురస్కారాలిచ్చిన రోజు. 2020లో ఖేల్ రత్న నగదును ఏడున్నర లక్షల నుంచి 25 లక్షలకు, అర్జునను 5 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు.

ఈ పురస్కారాలను ఒక్క ఏడాది ఆటకు ఇస్తున్నట్టు జనం అనుకుంటారు. నియమాలు చూసేది నాలుగేళ్ళ ఆటను. వివాదాల్లో కొంత ఇక్కడి నుంచే పుడుతుంది. ఈ ఏడు మెరిసినవాడికి ఇవ్వలేదని జనం బాధపడతారు, కమిటీ నాలుగేళ్ళ పట్టిక చూపిస్తుంది.

తెలుగు నేలతో సంబంధమున్న ఖేల్ రత్నల జాబితా పొడుగైనదే. మల్లీశ్వరి తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్, హైదరాబాద్‌లో ఆట నేర్చిన సైనా నెహ్వాల్, షూటర్ గగన్ నారంగ్, టెన్నిస్‌లో సానియా మీర్జా, పి.వి. సింధు, క్రికెట్‌లో మిథాలీ రాజ్, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన ప్రపంచ చదరంగ విజేత గుకేశ్. సాత్విక్‌కు 2023 సంవత్సరానికి తన జోడీ చిరాగ్ శెట్టితో కలిపి ఇచ్చారు. డబుల్స్ ఆటలో ఒకరిని విడిగా లెక్కించలేం గనుక అది న్యాయమే. తొలి రోజుల్లో తెరచాప పడవల జంట హోమీ మోతీవాలా, పి.కె. గర్గ్‌లకూ ఇలాగే కలిపి ఇచ్చారు.

పాయింట్ల పట్టిక ఏం చెబుతుంది

కమిటీల ఇష్టాయిష్టాలను తగ్గించడానికి మంత్రిత్వ శాఖ పతకాలకు పాయింట్లు కట్టింది. 2010ల మధ్యలో నడిచిన పద్ధతిలో ఒలింపిక్, పారాలింపిక్ స్వర్ణానికి 80, రజతానికి 70, కాంస్యానికి 55 పాయింట్లు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇవే వరసగా 40, 30, 20. ఆసియా క్రీడల్లో 30, 25, 20. కామన్వెల్త్ క్రీడల్లో 25, 20, 15. మొత్తం మార్కుల్లో ఎనభై శాతం ఈ పతకాలకు, మిగతా ఇరవై కమిటీ విచక్షణకు.

ఈ పట్టికను వెనక్కి తీసుకెళ్ళి మల్లీశ్వరి ఆట మీద పెట్టి చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. 1994, 1995 ప్రపంచ స్వర్ణాలు రెండూ కలిపితే 80, ఒక ఒలింపిక్ స్వర్ణంతో సమానం. 1993 కాంస్యం కలిస్తే నూరు. సిడ్నీ కాంస్యానికి వచ్చేది 55 మాత్రమే. అంటే పట్టిక దృష్టిలో ఆమె ఆటలో శిఖరం 1994, 95లది. ఖేల్ రత్న ఇచ్చింది కూడా ఆ విజయాలకే. కానీ ఊళ్ళో ఎవరినడిగినా మల్లీశ్వరి అంటే సిడ్నీ. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2000లో. 1996 అట్లాంటాలో ఆ పోటీ ఉండి ఉంటే ఆమె ఏ పతకంతో వచ్చేదో ఊహించుకోవచ్చు గాని, ఏ పట్టికా ఊహకు పాయింట్లు వేయదు.

ఆటగాడి తప్పు లేకుండానే అతని ఆటకు వేదిక లేకపోవడం అన్నది పట్టికకు ఉన్న పెద్ద లోపం. టెస్టు క్రికెట్‌కు ఒలింపిక్స్ లేవు. టెన్నిస్‌లో వింబుల్డన్ గెలిచినా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పేరుతో పోటీ లేదు. చదరంగంలో ప్రపంచ కిరీటం ఉంది గాని ఒలింపిక్ పతకం లేదు. ఈ ఖాళీలను ఇరవై శాతం విచక్షణతో పూడ్చాలి. పూడ్చిన ప్రతిసారీ పట్టికలో ముందున్నవాడు అడుగుతాడు: నా అంకెలకు విలువ లేదా?

కోర్టు మెట్లు, మంత్రి గుమ్మం

2015లో సానియా మీర్జాకు ఖేల్ రత్న ప్రకటించినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఆ జులైలో ఆమె మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. అంతకు ముందేడు బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్, ఇంచియోన్ ఆసియా క్రీడల్లో సాకేత్ మైనేనితో మిక్స్‌డ్ స్వర్ణం. లండన్ పారాలింపిక్స్ హైజంప్‌లో రజతం గెలిచిన హెచ్.ఎన్. గిరీశ కర్ణాటక హైకోర్టుకు వెళ్ళాడు. నియమాల ప్రకారం లెక్కలోకి వచ్చే పోటీల్లో తన పాయింట్లే అందరికన్నా ఎక్కువని, గ్రాండ్‌స్లామ్‌లు ఆ పట్టికలో లేనే లేవని అతని వాదన. కోర్టు నోటీసులిచ్చింది. ఆగస్టు 29న సానియా పురస్కారం అందుకుంది.

సానియా ఆట ఆ గౌరవానికి తగినదే. గిరీశ ప్రశ్న కూడా న్యాయమైనదే. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం వల్లే ఆ ఉదంతం ఈ చర్చలో ముఖ్యమైంది. అప్పటిదాకా ఒక్క పారా క్రీడాకారునికీ ఖేల్ రత్న రాలేదు. జావెలిన్ త్రోయర్ దేవేంద్ర ఝఝారియాకు 2017లో తొలిసారి వచ్చింది. ఆ తర్వాత దారి తెరుచుకుంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం గెలిచి అర్జున అందుకుంది. గిరీశకు ఆ ఏడు పురస్కారం దక్కలేదు గాని అతను అడిగిన ప్రశ్న వృథా పోలేదని నా నమ్మకం.

2018లో విరాట్ కోహ్లీ, మీరాబాయి చానులకు ఇచ్చారు. ఆ ఏడు కామన్వెల్త్, ఆసియా క్రీడలు రెండింటిలోనూ స్వర్ణం గెలిచిన కుస్తీ వీరుడు బజరంగ్ పునియా కోర్టుకు వెళ్తానన్నాడు. అప్పట్లో పత్రికల్లో వచ్చిన లెక్కల ప్రకారం అతనికి 80 పాయింట్లు, మీరాబాయికి 44, క్రికెట్‌కు పట్టికే లేదు కాబట్టి కోహ్లీకి సున్నా. నాటి క్రీడా మంత్రి రాజ్యవర్ధన్ రాథోడ్‌ను కలిశాక అతను వెనక్కి తగ్గాడు. రాథోడ్ కూడా షూటింగ్‌లో ఒలింపిక్ రజతం గెలిచి ఖేల్ రత్న అందుకున్నవాడే. మరుసటి ఏడు బజరంగ్‌కు ఇచ్చారు. ఆలస్యంగా ఇవ్వడం కూడా ఒక రకమైన ఒప్పుకోలే.

అర్జున విషయంలో మరింత కష్టమైన ఉదంతం బాక్సర్ మనోజ్ కుమార్‌ది. 2014లో కపిల్‌దేవ్ అధ్యక్షతన కూర్చున్న కమిటీ అతన్ని డోపింగ్ మచ్చ ఉందన్న అపోహతో పక్కన పెట్టింది. అతను డోపింగ్‌లో ఎప్పుడూ దొరకలేదు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాకే పొరపాటు సరిదిద్దారు. అదే కమిటీ ఆ ఏడు ఖేల్ రత్నకు ఎవరినీ సిఫారసు చేయలేదు. ఆలస్యం మరీ మించిపోతే ఏమవుతుందో మిల్ఖా సింగ్ చూపించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వెంట్రుకవాసిలో కాంస్యం పోగొట్టుకున్న ఆ పరుగుల వీరుడు 2001లో తనకిచ్చిన అర్జునను నాలుగు దశాబ్దాలు ఆలస్యమైందంటూ కాదన్నాడు.

2020లో ఇంకో రకం ప్రశ్న తలెత్తింది. అప్పటికే ఖేల్ రత్న ఉన్న సాక్షి మలిక్, మీరాబాయి చానుల పేర్లను కమిటీ అర్జునకు కూడా సిఫారసు చేసింది. పెద్ద గౌరవం వచ్చినవాళ్ళకు చిన్నది ఎందుకని మంత్రిత్వ శాఖ తీసేసింది. సాక్షి నొచ్చుకుంది. మల్లీశ్వరికి ముందు అర్జున, తర్వాత ఖేల్ రత్న వచ్చాయి గనుక ఆమె విషయంలో ఈ ప్రశ్నే రాలేదు. మెట్లు వరసగా ఎక్కినవాళ్ళకు రెండూ ఉంటాయి, ఒక్క దూకుతో పైకి చేరినవాళ్ళకు కింది మెట్టు దక్కదు. ఇది నియమం రాసినవాళ్ళు ఆలోచించని విషయంగానే నాకు తోస్తుంది.

2024 డిసెంబరులో మను భాకర్ పేరు సిఫారసుల్లో లేదన్న వార్త దేశమంతా పాకింది. పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు గెలిచిన షూటర్ ఆమె. దరఖాస్తు విషయంలో తన వైపు నుంచే లోపం జరిగి ఉండవచ్చని ఆమే రాసింది. చివరికి గుకేశ్, హాకీ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్, పారా హైజంపర్ ప్రవీణ్ కుమార్‌లతో పాటు ఆమె పేరూ ప్రకటించారు. ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు ముందు ఎవరి పేరు బల్ల మీదకు చేరింది అన్న ప్రశ్న ఒకటుందని ఈ ఉదంతం గుర్తుచేసింది.

ఒకరికా, పన్నెండు మందికా

మొదట్లో ఖేల్ రత్న సాధారణంగా ఏడాదికి ఒక్కరికే. ఒలింపిక్ ఏడాదిలో పతకాలు వచ్చినప్పుడు ఆ కట్టు సడలింది. 2016లో సింధు, సాక్షి, షూటర్ జీతూ రాయ్, రియో వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచిన దీపా కర్మాకర్ నలుగురికీ ఇచ్చారు. 2020లో ఐదుగురు, 2021లో టోక్యో విజయాల తర్వాత పన్నెండు మంది. గౌరవం పల్చబడిందని కొందరన్నారు. నేను ఆ మాటతో ఏకీభవించను. టోక్యోలో నీరజ్ చోప్రా, అవని లేఖరా స్వర్ణాలు గెలిచినప్పుడు ఒకరిని ఎంచుకుని ఇంకొకరిని ఆపడం అన్యాయమే అయ్యేది. అయితే సంఖ్య పెరిగిన కొద్దీ పురస్కారం స్వభావం మారుతుంది. 'ఏటి మేటి' అన్న పోటీ పోయి, ఒక స్థాయి అందుకున్న వారందరి గుర్తింపు అవుతుంది. రెండూ మంచివే. ఏది ఇస్తున్నామో స్పష్టంగా చెప్పి ఇస్తే చాలు.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్

ఈ వాదం అత్యంత ఒడుపుగా నడిచేది అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో. 1891లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ కనిపెట్టిన ఆట ఇది. అక్కడ జాతీయ స్థాయిలో ఒకటి కాదు, చాలా పురస్కారాలున్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థది 1961 నుంచి, నైస్మిత్ పేరిట ఉన్నది 1969 నుంచి, పేరొందిన కోచ్ జాన్ వుడెన్ పేరిట ఉన్నది 1977 నుంచి. బాస్కెట్‌బాల్ రచయితల సంఘం ఇచ్చేదానికి ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరు పెట్టారు. కోచ్‌ల సంఘానిది వేరు. ఓటర్లు వేరు, కొలత వేరు. వుడెన్ పురస్కారానికి ఆటతో పాటు చదువులో కనీస మార్కులూ చూస్తారు. విద్యార్థి క్రీడాకారునికి ఇచ్చే గౌరవంలో అది ఉండదగ్గ నియమం.

ఒక్కోసారి అన్ని సంస్థలూ ఒకే పేరు చెబుతాయి. వేరు పడిన ఏళ్ళే ఎక్కువ చర్చకు వస్తాయి. 1985లో నైస్మిత్ జార్జిటౌన్ దిగ్గజం పాట్రిక్ యూయింగ్‌కు, వుడెన్ సెయింట్ జాన్స్ షూటర్ క్రిస్ మలిన్‌కు వెళ్ళాయి. 2006లో డ్యూక్ ఆటగాడు జె.జె. రెడిక్, గొంజాగా ఆటగాడు ఆడమ్ మోరిసన్ మధ్య పోరు దేశమంతా చూసింది. మ్యాచ్‌కు సగటున మోరిసన్ 28.1, రెడిక్ 26.8 పాయింట్లు కొట్టారు. నైస్మిత్, వుడెన్, అసోసియేటెడ్ ప్రెస్ మూడూ రెడిక్‌వి. కోచ్‌ల సంఘం మాత్రం ఇద్దరికీ కలిపి ఇచ్చింది. పాయింట్లే కొలతైతే మోరిసన్ గెలవాలి. గట్టి జట్లున్న లీగ్‌లో ఆడినందుకు విలువ కడితే రెడిక్ గెలవాలి.

అక్కడ పదేపదే వచ్చే ప్రశ్న ఇంకొకటి: వయసు తక్కువైనవాడికి ఇవ్వాలా, నాలుగేళ్ళు కాలేజీలో కష్టపడి పైకొచ్చినవాడికా? కెవిన్ డ్యురాంట్ 2007లో తొలి ఏడాది విద్యార్థిగా గెలిచేదాకా అది అసాధ్యమనుకున్నారు. తర్వాత ఆంథొనీ డేవిస్, జయన్ విలియమ్సన్ గెలిచారు. 2025లో డ్యూక్ కుర్రాడు కూపర్ ఫ్లాగ్, ఆబర్న్ సీనియర్ జానీ బ్రూమ్ మధ్య వాదం సీజన్ పొడుగునా నడిచి, నైస్మిత్, వుడెన్ రెండూ ఫ్లాగ్‌కు దక్కాయి. ఒకసారి గెలిచినవాడికి మళ్ళీ ఇవ్వడానికి ఓటర్లకు మనసొప్పదన్న మాట కూడా ఉంది. 1981 నుంచి 1983 దాకా వరసగా నైస్మిత్ గెలిచిన రాల్ఫ్ శాంప్సన్ తర్వాత, వెంటవెంటనే రెండుసార్లు గెలవడానికి పర్‌డ్యూ ఆటగాడు జాక్ ఈడీ 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

పురస్కారాలు ఎక్కువైతే విలువ పోతుందని మన దగ్గర భయపడతారు. అమెరికా అనుభవం అందుకు భిన్నం. ఎవరి కొలత ఏమిటో తెలిసిన నాలుగైదు వేర్వేరు గౌరవాలుంటే, ఒక కమిటీ చేసిన తప్పు ఆటగాడి జీవితానికంతటికీ తప్పు కాదు.

మన యూనివర్సిటీలు, మన బాస్కెట్‌బాల్

భారత బాస్కెట్‌బాల్‌కు అర్జున తొలి ఏడాది నుంచే ఉంది. 1961లో సర్బ్‌జీత్ సింగ్ అందుకున్నారు. ఇటీవలి గ్రహీతల్లో గీతు అన్నా జోస్ 2014లో, ప్రశాంతి సింగ్ 2017లో, విశేష్ భృగువంశీ 2020లో ఉన్నారు. ఖేల్ రత్న ఈ ఆటకు ఒక్కసారి కూడా రాలేదు. ఒలింపిక్, ప్రపంచ పతకాల పట్టిక ముందు బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎంత గొప్పవాడైనా ఖాళీ చేతులతోనే నిలబడాలి.

యూనివర్సిటీ స్థాయిలో జాతీయంగా పేరున్నది మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ. 1956–57లో మొదలైన ఆ ట్రోఫీ దక్కేది అన్ని ఆటల్లో కలిపి మెరిసిన యూనివర్సిటీకి, ఆటగాడికి కాదు. టెక్కలి, పలాస డిగ్రీ కాలేజీల పిల్లలు 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం జట్లలోకి ఎంపికై అక్కడి నుంచి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తారు. అంతకు ముందు తరం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం జట్లకు ఆడింది. జాతీయ పోటీలో గెలిచి వచ్చినా వాళ్ళ పేరు మీద ఉండేది పాల్గొన్నట్టు, స్థానం దక్కినట్టు ఒక ధ్రువపత్రం. ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు అది పనికొస్తుంది. కాలేజీ ఆటగాళ్ళందరిలో ఏటి మేటి ఎవరన్న ప్రశ్నను అమెరికాలోలా దేశమంతా కలిసి అడిగే వేదిక ఇక్కడ లేదు. నేనైతే ఒక్కో ఆటకు ఒక్కో ఉత్తమ విద్యార్థి క్రీడాకారుని గౌరవం ఉండాలంటాను. ఓటు కోచ్‌లది, కొలత సీజన్ మొదలవకముందే ప్రకటించినది.

అర్జున, ఖేల్ రత్నలకు ఇప్పుడు ఆటగాళ్ళే స్వయంగా ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకప్పుడు క్రీడా సమాఖ్యలో, పాత గ్రహీతలో పేరు పంపితే తప్ప వీలుండేది కాదు. నందిగాం నుంచో కవిటి నుంచో జాతీయ జట్టుకు ఎదిగిన అమ్మాయికి ఈ మార్పు పెద్దదే. దరఖాస్తులో అడిగేవి నాలుగేళ్ళ ఫలితాలు, ధ్రువపత్రాలు. గెలిచిన ప్రతి పోటీ కాగితాన్నీ మొదటి రోజు నుంచీ దాచుకోవాలి. ఆమెకు ఆ మాట మొదట చెప్పగలిగేది ఊళ్ళోని పీఈటీ మాస్టారే.